చెవిలో చెప్పిన మాట

నా భార్య రంగనాయకమ్మకు పక్షవాతం వచ్చి కొంత తగ్గాక చాలా మాటలు పోయాయి. చెంబును చెంబు అనలేక "ఆ నీళ్ళది" అనేది. పక్కింటి కమరున్నీసాను చూస్తే ముఖం విప్పారేది గాని పేరు వచ్చేది కాదు. వీటికి ఆమె పెద్దగా బాధపడలేదు. పేరు రాకపోతే నవ్వేసేది. ఒక్క మాట పోయినందుకు మాత్రం ఏడ్చేది. అది మా గురువు ఆమె చెవిలో చెప్పిన మాట.

"మామా, స్వామి నాకు చెప్పిండేది ఏంది?" అని అడిగేది.

"నాకెట్ల తెలుస్తాది మే? నీ చెవిలో గదా చెప్పినాడు."

"అయితే పోయేటప్పుడు ఏమనుకోని పోవల్ల నేను?"



పుంగనూరు బజారువీధిలో మాది ఇత్తడి, స్టీలు సామాన్ల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు. పిల్లలు కలగలేదు. నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆమె బడికే పోలేదు. డెబ్బై రెండులో మదనపల్లె అవతల చెంగలప్పస్వామి మఠంలో మేమిద్దరం ఉపదేశం తీసుకున్నాం. ఇద్దరినీ ఒకే కంబళి మీద కూర్చోబెట్టారు. స్వామి ఒక కొత్త తెల్లగుడ్డ విప్పి, నా తలనూ తన తలనూ కలిపి కప్పి, కుడిచెవిలో మాట చెప్పారు. నాచేత పలికించుకుని సరిగా వచ్చిందని తల ఊపారు. తర్వాత అదే గుడ్డ రంగమ్మ మీద కప్పారు. మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర కూర్చున్నా నాకేమీ వినిపించలేదు.

గుడ్డ తీసి మడిచి పెడుతూ స్వామి చెప్పారు: "ఇది అమ్మకు చెప్పగూడదు, బిడ్డకు చెప్పగూడదు, మొగుడు పెండ్లానికి చెప్పగూడదు. బయట పడిందంటే చెప్పినోనికీ పోతాది, విన్నోనికీ నిలవదు."

ఆ నియమం మేం తప్పలేదు. తెల్లవారుజామున స్నానాలు చేసి వెనకింట్లో ఆమె తూర్పు గోడకూ నేను ఉత్తరం గోడకూ ముఖం పెట్టుకుని కూర్చునేవాళ్ళం. రంగమ్మకు వేళాకోళం ఎక్కువ. లేచి పొయ్యి వెలిగిస్తూ నన్ను కదిలించేది.

"నీది పొడుగుదా, పొట్టిదా?"

"అడగగూడదు మే."

"కొలత అడిగినా గాని సరుకు అడగలా గదా. అంగడోడివి, ఆమాత్రం చెప్పలేవా?"

నవ్వుకునేవాళ్ళం. కాని నవ్వయిపోయిన తర్వాత నాకొక్కోసారి దిగులుగా ఉండేది. ఆమె తిన్నదీ తాగిందీ నాకు తెలుసు. ఆమె ఎవరి మీద అలిగిందో, ఏ చీర ఇష్టమో తెలుసు. కళ్ళు మూసుకున్నాక లోపల ఏ మాట తిరుగుతోందో అది మాత్రం తెలియదు. ఒకే గదిలో ఇద్దరం చెరొక ఊరికి పోయినట్టుండేది. జ్ఞానానికి తోవ అట్లాగే ఉంటుందేమో, ఎవరి తోవ వాళ్ళదేనేమో అనుకుని ఊరుకున్నాను.

స్వామి తరచుగా ఒక సంగతి చెప్పేవారు. తెలివి వేరు, ఎరుక వేరు అని. తెలివి అంటే లెక్కలు, పేర్లు, ఊళ్ళ దోవలు. అది వయసుతో వస్తుంది, వయసుతో పోతుంది. ఎరుక అంటే తానెవరో తనకు తెలియడం. అది ఒకసారి వస్తే పోదు. ఆ మాట విన్న రోజు ఎంతో ధైర్యంగా అనిపించింది. ఎనభై నాలుగులో రంగమ్మ మంచంలో కూర్చుని, చేతివేళ్ళు చూసుకుంటూ, పోయిన మాట కోసం పెదవులు కదిలిస్తూ ఉంటే అదే మాట నన్ను గుచ్చింది. ఇన్నేళ్ళు కూర్చుని తిప్పుకున్నది పోయిందంటే, ఆమెకు వచ్చింది ఎరుక కాదా? వట్టి తెలివేనా? మరి నాది?

స్వామి సమాధి అయి అప్పటికి చాలా కాలమైంది. మఠాన్ని ఆయన అక్క కొడుకు ఈశ్వరప్ప చూసుకుంటున్నాడు. బడి అయ్యవారిగా చేసి మానుకున్న మనిషి. ఆయన దగ్గరికి పోయివద్దామనుకున్నాను. రంగమ్మ దగ్గర ఎవరుంటారన్నది ఆలోచన. కళాయి వేసే సిరాజుద్దీన్ మా పక్కింటివాడు. అతని భార్య కమరున్నీసా గోడవతల నుంచే కేకేసింది.

"పోయిరా అన్నా. వదినెను నేను సూసుకుంటా. నాకేం, మా ఇంట్లో ఒక మొగోణ్ణి సాకతాండా, ఇంకొకరు బరువా?"

మదనపల్లెలో బస్సు దిగి మఠానికి నడిచాను. ఈశ్వరప్ప వేరుశనక్కాయలు ఒలుస్తూ అరుగు మీద ఉన్నాడు. అంతా చెప్పాను. ఆయన విని చేతులు దులుపుకున్నాడు.

"స్వామీ, మీరు మళ్ళా ఆమెకు ఉపదేశం చెప్పండి. అడిగేది అంతే," అన్నాను.

"ఆమె కూసోగలదా?"

"మంచంలో కూసుంటాది."

"చెప్పింది తిరిగి చెప్పగలదా? తప్పులేకుండా?"

"చెప్పలేదు స్వామీ. నా పేరే ఒకోసారి రాదు."

"మరి ఎట్లప్పా నారాయణప్పా? ఓటి బిందెలో ఎంత పోస్తే ఏం లాభం?"

నాకు కోపం వచ్చింది. గురుస్థానంలో ఉన్నాడని కూడా చూడలేదు.

"ఓటి బిందెలు నేను దినమూ సూస్తాండా. చిల్లికి మాటేసి ఇస్తాము గాని, ఇంక నీళ్ళు పొయ్యొద్దండి అని ఎవురికీ చెప్పలా."

ఆయన బాధపడ్డట్టే ఉన్నాడు. "నా మీద కోప్పడితే ఏం వస్తాది? ఈ కట్టు నేను పెట్టింది కాదు. స్వామి పెట్టి పోయింది," అన్నాడు.

"పోనీ ఒకటి చెప్పండి. స్వామి అందరికీ చెప్పేది ఒకటే మాటా? మనిషికొక మాటా?"

"అది నేను చెప్పగూడదు."

"ఒకటే అయితే నాది ఆమెకు చెప్తాను."

"చెప్తే నీది పోతాది. ఒకటి కాకపోతే నీదీ పోతాది, ఆమెదీ రాదు." ఆయన మళ్ళీ కాయలు చేతిలోకి తీసుకున్నాడు. "గోపురమెక్కి గురుమంత్రం అందరికీ అరిచి చెప్పిన ఆచార్యుల కత నువ్వూ ఇన్నావు, నేనూ ఇన్నాను. ఆయప్పకు నరకం భయం లేదు. నాకుండాది. నీ సంగతి నువ్వు సూసుకో."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నా సంగతి చూసుకున్నాను. నాకూ భయం ఉంది.

ఇంకెవరిని అడగాలో తెలియక కుప్పంలోని రత్నవేలు గుర్తొచ్చాడు. పెళ్ళిళ్ళ కాలంలో అతను మా అంగడి అరుగు మీద కూర్చుని కొత్త సామాన్ల మీద పేర్లు చెక్కేవాడు. వాళ్ళ తాత ముత్తాతలు కోలారు బంగారు గనుల్లో పనిచేసిన అరవవాళ్ళు. గనుల దగ్గర వాళ్ళ జనం కొందరు పాతకాలంలోనే బుద్ధుని మతం పుచ్చుకున్నారట. కళ్ళు సరిగా కనిపించక రత్నవేలు పని మానేసి కుప్పంలో ఉండిపోయాడు. దేవుడున్నాడో లేడో తెలియదనే మనిషి దగ్గరికి ఉపదేశం గురించి అడగడానికి పోతున్నానని నాకే నవ్వొచ్చింది. కాని రంగమ్మ అతనికి ఎన్నోసార్లు అన్నం పెట్టింది. ఆమె గురించి మాట్లాడడానికైనా ఒక మనిషి కావాలనిపించింది.

పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేటప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది. రైలుకట్ట పక్కన పెంకుటింట్లో రత్నవేలు ఒక్కడే ఉన్నాడు. గోడకు కళ్ళు దించుకున్న బుద్ధుని పటం, దాని కింద చిన్న దీపం. నా గొంతు విని గుర్తుపట్టాడు.

"వాప్పా వా! నారాయణప్ప సెట్టీ! అంగడి మూసేసినావా?"

"మూయలేదు. రంగమ్మకు బాగలేదు."

టీ తెప్పించాడు. నేను చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు.

"మాలో చెవిలో చెప్పేది లేదు సెట్టీ," అన్నాడు. "మా బుద్ధుడు పోయే కాలానికి శిష్యులు దగ్గర చేరినారంట. ఇంకా ఏమన్నా దాపెట్టిండాడేమో చెప్తాడని. నా పిడికిట్లో ఏమీ లేదు, ఉండేదంతా చెప్పేసినా అన్నాడంట."

"అయితే మా గురువు దాపెట్టింది తప్పంటావా?"

"అట్లని నేను యాడంటి? మేము అందరికీ గట్టిగా చెప్పినాము. ఏమైంది? ఈ వీధిలో నేనొకణ్ణే మిగిలినా. మీరు చెవిలో చెప్పినారు, మీ మఠంలో ఆరాధనకు జనం పట్టరు. గట్టిగా చెప్పేదానికి గిరాకీ లేదు సెట్టీ."

ఇద్దరం నవ్వాం. చాలా రోజుల తర్వాత నాకు నవ్వొచ్చింది. ఆ ఊపులోనే నా లోపల ఉన్నది అడిగేశాను. మరుపుకు పోయేది జ్ఞానమవుతుందా అని.

అతను పక్కనున్న చెంబు తీసి బొటనవేలితో తడిమాడు. "దీని మీద మా అమ్మ పేరు చెక్కినా. తోమీ తోమీ అరిగిపోయింది. పేరు పోయిందని చెంబు పరాయిదైపోతాదా?"

"పోదు. కాని అరిగిన పేరు మళ్ళా చెక్కమని తెస్తారు గదా నీ దగ్గరికి?"

"తెస్తారు. ఏం పేరు చెక్కాల అని నేనడుగుతా. నీ భార్యకు అదే తెలీదే." అతను నిట్టూర్చాడు. "నేను చెప్పింది కూడా సరిగా లేదులే. చెంబుకు ఏడుపు రాదు."

మళ్ళీ అతనే అడిగాడు. "నీది ఆమెకు చెప్తే నీకు పోతాదంటివి. ఏం పోతాది?"

"నా ఉపదేశం."

"అది సరే. నువ్వు మరిచిపోతావా?"

"మరిచిపోను. దాని బలం పోతాది."

"ఎంత బలం ఉండె?"

ఎగతాళికి అడగలేదతను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నాకు తెలిస్తే చెప్పేవాణ్ణి. తెలియదని చెప్పాను. "నాకూ మాది అంతే సెట్టీ. దినమూ చెప్పుకుంటా. ఎంత పనిచేసిందో తెలీదు," అని బస్టాండు దాకా నా చేయి పట్టుకుని వచ్చాడు. బస్సు కదిలేదాకా నేనున్న కిటికీ ఏదో తెలియక వేరే కిటికీ వైపు చేయి ఊపాడు.

ఇంటికొచ్చేటప్పటికి సాయంత్రమైంది. రంగమ్మ నిద్రపోతోంది. కమరున్నీసా మంచం పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూసి లేచి కొంగు సర్దుకుంది.

"అన్నా, ఒకటి చెప్తా. తప్పయితే తిట్టు."

"ఏమమ్మా?"

"వదినె పొద్దస్తమానం అడగతానే ఉండాది, ఆ మాట ఏంది, ఆ మాట ఏంది అని. నన్నే పట్టుకోని ఏడుస్తాది. సూడలేకపోతి. మాది చెప్పినా."

"మీదంటే?"

"మాదే అన్నా. మా బిడ్డలు పుట్టంగానే చెవిలో చెప్తారే, అది. నాకు తెలిసిండేది అదొకటే." ఆమె కళ్ళు తుడుచుకుంది. అంతలోనే నవ్వింది. "బాగా ఇన్నింది. ఇని తల అడ్డంగా ఊపింది. మాది కూడా కాదంట."

తప్పు లేదని చెప్పి పంపాను. ఆమె వెళ్ళాక రంగమ్మ పక్కన కూర్చున్నాను. నేను రెండూళ్ళు తిరిగి, చెప్పొచ్చా చెప్పకూడదా, నాకేం పోతుంది అని అడుగుతూ ఉన్నాను. కమరున్నీసా ఎవరినీ అడగలేదు. ఎదురుగా ఒక మనిషి ఏడుస్తుంటే తన దగ్గరున్నది ఇచ్చింది. దాని బలం తగ్గుతుందేమోనన్న ఆలోచన ఆమెకు వచ్చినట్టే లేదు. పన్నెండేళ్ళు కళ్ళు మూసుకుని నేను పట్టుకున్నది ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

తెల్లవారుజామున లేచి స్నానం చేశాను. రంగమ్మకు ముఖం కడిగి, కుంకుమ పెట్టి, దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను. స్వామి పటానికి దండం పెట్టుకున్నాను. క్షమించమని అడగలేదు. చేసే ముందే క్షమాపణ అడిగితే అది బేరంలా ఉంటుందనిపించింది. ఆమె దుప్పటినే ఇద్దరి తలల మీదా కప్పి, కుడిచెవి దగ్గర నోరు పెట్టి నా మాట చెప్పాను.

అది పైకి పలికి పన్నెండేళ్ళు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె ఊపిరి బిగబట్టి వింది. దుప్పటి లోపల చీకట్లో ఆమె ముఖం కనిపించలేదు.

"ఇది కాదు మామా," అంది.

ఆమె చేతితో తడుముతూ దుప్పటి తీసింది. నా వైపు చూసింది. ఆ చూపు జబ్బుకు ముందరిది.

"ఇది నీదా?"

"నాదే."

"అయ్యో, యాల చెప్తివి? నీకు పోతాది గదా!"

"పోతే పోనీ మే."

"పోనీ అంటే ఎట్ల? నాకు లేకపోయె, నీకూ లేకపోతే ఎట్ల?" బాగున్న చేత్తో నా చేయి గట్టిగా పట్టుకుంది. ఏదో వెతుక్కున్నట్టు కొంతసేపు ఉండి, ముఖం తేటపడి నవ్వింది. "భయపడొద్దులే మామా. నా దగ్గర ఏది నిలస్తాండాది? మజ్జానానికి మరిచిపోతా. నీది నీకే ఉంటాది."

నేను ఆమె ఒళ్ళో తల పెట్టాను. ఆమె నా వెంట్రుకలు సర్దుతూ కూర్చుంది.

అన్నమాట నిలబెట్టుకుంది. మరునాడు తెల్లవారుజామున "మామా, స్వామి నాకు చెప్పిండేది ఏంది?" అని మళ్ళీ అడిగింది. మళ్ళీ దుప్పటి కప్పి చెప్పాను. "ఇది కాదు," అంది. ఆ తర్వాత రోజూ అంతే. ఆమెకు అది రోజూ మొదటిసారే. కొన్నాళ్ళకు దుప్పటి కప్పడం మానేశాను. మామూలుగానే చెప్పేవాణ్ణి. గోడవతల సిరాజుద్దీన్‌కు వినపడే ఉంటుంది. ఒకరోజు మాత్రం విని కళ్ళు మూసుకుని "ఆ, ఇదే," అంది. ఆ పూటంతా నేను అంగడిలో కాలు నిలవక తిరిగాను. నా ముఖం చూసి నాకోసమే అలా అందేమో అని రాత్రి అనుమానం వచ్చింది. మర్నాడు "కాదు," అంది.

ఎక్కడా చెప్పుకోలేదుగాని, ఆ నెలలు నాకు బాగున్నాయి. ఒకే గదిలో చెరొక గోడకు తిరిగి కూర్చున్న ఏళ్ళకంటే బాగున్నాయి.

కార్తీకం చివర్లో ఆమెకు ఊపిరి అందడం కష్టమైంది. ఆ ఉదయం ఆమె అడగలేదు. అడగకపోయినా చెప్పాను. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చెబుతూనే ఉన్నాను. ఎప్పుడు పోయిందో కూడా నాకు తెలియలేదు. కమరున్నీసా వచ్చి నా భుజం మీద చేయి వేసి ఆపింది.

ఉపదేశం తీసుకున్నవాళ్ళను మా పద్ధతిలో కాల్చరు. కూర్చున్నట్టుగానే సమాధి చేస్తారు. ఈశ్వరప్ప కబురు అందగానే వచ్చి అన్నీ దగ్గరుండి జరిపించాడు. విభూతి తన చేత్తోనే పోశాడు. జనం వెళ్ళాక నన్ను పక్కకు పిలిచాడు.

"ఆమెకు గుర్తొచ్చెనా?"

"తెలీదు స్వామీ. నాది చెప్పినా. దినమూ చెప్పినా."

ఆయన మట్టి అంటిన చేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. "నేనయితే చెప్పుండను. నాకు అంత ధైర్యం లేదు," అన్నాడు. తర్వాత, "ఆరాధనకు నువ్వు ముందర వరసలో కూసోవద్దులేప్పా. తెలిసినోళ్ళు ఏమన్నా అంటారు," అన్నాడు. సరేనన్నాను. ఆయన తప్పేమీ కనిపించలేదు. ఇప్పుడు మఠానికి పోయినప్పుడు గడప దగ్గర కూర్చుంటాను. అక్కడ గాలి బాగా వస్తుంది. మాట్లాడించేవాళ్ళు తక్కువ.

స్వామి చెప్పినట్టు నాది పోయిందా అని నన్ను నేనే చాలాసార్లు అడిగి చూసుకున్నాను. ఎరుక వచ్చినవాడికి ఈ దుఃఖం ఉండదంటారు. నాకుంది. అంటే పోయిందనా, అసలు రాలేదనా? తేల్చి చెప్పగలిగిన స్వామి లేరు. రత్నవేలు కూడా నిరుడు పోయాడని కుప్పం నుంచి వచ్చిన ఎవరో చెప్పారు.

ఉత్తరం గోడ వైపు తిరిగి కూర్చుంటే ఇప్పుడు ఆ మాట లోపల తిరగదు. ఎంత ప్రయత్నించినా నోటి నుంచి పైకే వస్తుంది. అలవాటైపోయింది. అందుకని ఆమె మంచం ఉండిన చోటుకే తిరిగి కూర్చుంటున్నాను. ఒకసారి పైకి చెప్పి, కాదనే మాట కోసం కాసేపు ఆగుతాను. తర్వాత మళ్ళీ చెబుతాను.